రాతి తుప్పు

బాగలూరు రోడ్డు మలుపులోంచి చూస్తే
ఆ నీళ్ళు ఎంత అందంగా ఉంటాయో చెప్పలేను.
పది నిలువుల లోతున
మునిగిపోయిన క్రేను చెయ్యి కూడా కనబడుతుంది.
ఆదివారాలు పెళ్ళి కుదిరిన జంటలొచ్చి
గట్టున నిలబడి ఫొటోలు దిగుతారు.
వాళ్ళ నెత్తిన డ్రోనొకటి తిరుగుతుంటుంది.
తిరగాల్సిన తూనీగ ఒక్కటీ లేదు.

ఈ గుంత మా నాన్న తవ్వింది.
ఒక్కడే కాదులెండి,
మా వడ్డెరోళ్ళవి ఇరవై రెండు గుడిసెలు.
మేస్త్రి చిక్కతిప్పయ్య జిలెటిన్ పెట్టి ఈల వేస్తే
పిల్లలం చెవులు మూసుకుని
నోళ్ళు తెరుచుకునేవాళ్ళం,
అలా అయితే చెవులు పగలవని.

ఒక ఏడు నల్లరాతి పొర తగిలింది,
అందులో పచ్చటి మెరుపు.
ఆ రాత్రి నాన్న లుంగీ మడత విప్పి
"ఇదిగో పాపా, నీ ముక్కుపుడక్కి" అని నవ్వాడు.
బంగారం కాదని మేస్త్రి అప్పటికే చెప్పేశాడట.
జామెట్రీ బాక్సులో దాచుకున్నాను.
రెండు వానాకాలాలకి బాక్సు అడుగున చిల్లి.
కంపాసుకి, స్కేలుకి, ఏడో తరగతి గ్రూపు ఫొటోకి
ఇటుక రంగు మరక.
రాయికి కూడా తుప్పు పడుతుందా నాన్నా, అన్నాను.
మనకి పట్టలేదా, అన్నాడు
దగ్గుతూ.

రాయి అయిపోయింది.
ఓనరు క్రషర్ విప్పుకుని తుమకూరు వైపు వెళ్ళిపోయాడు.
పంపులు ఆగాయి.
ఊటా వానా కలిసి గుంత నిండింది.
ఎన్నడూ గాలి చూడని పొర గాలి చూసింది.
నా పెట్టెలో జరిగిందే
ముప్పై ఎకరాల్లో మొదలైంది.

పీణ్యలో నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని నాది.
పోయిన వారం వచ్చిన సీసాల మీద
ఊరి పేరు చదివి చెయ్యి ఆగింది.
గుంత నీళ్ళు మూడున్నర, చింతపండు చారంత పులుపు.
కాలవలో నాలుగు.
చెరువు తూము దగ్గర ఐదుకి కాస్త తక్కువ.
ఇనుము, మాంగనీసు, అల్యూమినియం, గడులన్నీ నింపాను.
నత్తలకి ఆ ఫారంలో గడి లేదు.

శనివారం సెలవు పెట్టి వెళ్ళాను.
చెరువులో చేపల కాంట్రాక్టు దొడ్డహనుమక్కది.
కాలవ రాళ్ళకి ఎర్రటి మడ్డి, గోరింటాకు మెత్తినట్టు.

"మొదట నత్తలు పాయె.
చిప్ప పల్చబడి, వేలితో అంటే పొడి.
మళ్ళ కప్ప గుడ్లు తెల్లబడె.
అక్టోబర్‌లో చేపలు, మొప్పల నిండా తుప్పు,
పైకొచ్చి నోళ్ళు తెరుచుకొని…"

నోళ్ళు తెరుచుకుని.
ఈల వినబడని పేలుడికి.

నీళ్ళు తేటగానే ఉన్నాయి కదక్కా, అన్నాను,
ఏదో ఒకటి అనాలి కాబట్టి.
"అదే కదమ్మా రోగం.
నాచు లేదు, పురుగు లేదు, బురద వాసన లేదు.
పిల్లల్లేని ఇల్లు అద్దమట్లే ఉంటాది."

కొంగ ఒకటి దిగింది.
కాసేపు నిలబడి
జక్కూరు వైపు మురుక్కాలవ మీదికి ఎగిరిపోయింది.
దానికి అక్కడ తిండి ఉంది.

ఆ రాయి ఈ ఊళ్ళో ఎన్ని వంటగట్లయిందో!
మా ఓనరమ్మ తెల్ల గ్రానైట్ మీద
ఆవగింజంత తుప్పు చుక్కని రోజూ రుద్దుతుంది.
పోదు.
నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు.

సాయంత్రం మేమిద్దరం
రెండు బస్తాల సున్నం కాలవలో కుమ్మరించాం.
పాలు విరిగినట్టు తెల్లగా, కాసేపు.
చీకటి పడేసరికి మీటరు ఆరు చూపించింది.
హనుమక్క దాన్ని చంటిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది,
ఆమె దగ్గరే వదిలేసి వచ్చాను.

బుధవారం ఫోన్ చేసింది.
"ఐదు చూపిస్తాండాది. ఐదంటే?"
చెప్పాను.
ఆ చివర చాలాసేపు గాలి చప్పుడు.
తర్వాత అడిగింది,
మూడో బస్తా ఎంతవుతుందని.